కళ్ళజోడు పెట్టెలో ఐదు బిట్లు

ఈ బుధవారం పొద్దున అటక మీంచి డ్రిల్లు మిషను దించి పెట్టె మూత తీయగానే, పక్కన ఒదిగి కూర్చున్న పాత కళ్ళజోడు పెట్టె కనిపించింది. అది నాది కాదు. తెరిస్తే లోపల మిషను మూతికి బిగించే ఐదు బిట్లు. వాటిలో ఒకదాని మెడకి ఎర్ర టేపు చుట్టి ఉంది. ఆ టేపు చూడగానే, డెబ్భై రెండేళ్ళవాణ్ణి, నిలబడ్డచోటే చప్పట్లు కొట్టాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది. కుడి మోకాలు మార్పించి రెండేళ్ళయింది, ఇప్పుడు ఎడమది. శుక్రవారం సాయంత్రం పంపిస్తామన్నారు. ఈసారి కుడిచేతి ఆసరాతో లేవాలి కాబట్టి, బాత్రూములో ఎడమ గోడకి ఉన్న స్టీలు కడ్డీ లాంటిదే కుడి గోడకి ఇంకొకటి పెట్టించమని డాక్టరు చెప్పారు. డైరీలో నా పథకం రాసుకున్నాను: "గురువారం 10 నుంచి 12: కడ్డీ బిగింపు." పెట్టించేవాళ్ళ కోసం వెతకలేదు. నేనే పెడతాను. ఆ ధైర్యం ఇచ్చిన మనిషి, ఆ కళ్ళజోడు పెట్టె తాలూకు మనిషి, పోయిన వానాకాలంలో హనుమకొండలో చెల్లెలింట్లో కన్నుమూసింది. ఫోనులో కబురు విన్న రోజు డైరీలో ఒక్క వాక్యమే రాయగలిగాను. మిగతాది ఇప్పుడు రాస్తాను. పేరు రాయను. మా ద్వారకా సొసైటీలో ఆవిడ మా పై అంతస్తు. నన్ను అన్నా అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. అదే చాలు.

ఆవిడ మా గడపలోకి వచ్చిన తీరు చెప్పాలంటే ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఆర్.కె. పురం క్వార్టర్సులో ఇరవై ఎనిమిదేళ్ళు ఉన్నాం. అక్కడ గోడ సర్కారుది. మేకు కొట్టాలంటే ఎంక్వైరీ ఆఫీసు రిజిస్టర్లో రాసి, ఫిర్యాదు నంబరు తీసుకుని, మనిషి వచ్చేదాకా ఆగాలి. ఇరుగుపొరుగువాళ్ళు ఆగేవాళ్ళు కాదు, సుత్తి తీసుకుని టకటకా కొట్టేసేవాళ్ళు. నేను ఆగేవాణ్ణి. ఖాళీ చేసిన రోజున తనిఖీకి వచ్చినాయన నాలుగు గదులూ తిరిగి, నున్నటి గోడలు చూసి, "సాబ్, ఆప్ యహా రెహతే భీ థే?" అన్నాడు. అసలు మీరిక్కడ ఉండేవారా అని. దాన్ని మెచ్చుకోలనుకున్నాను. డైరీలో అలాగే ఎక్కించాను.

సొంత ఫ్లాటుకి వచ్చి నాలుగేళ్ళయినా అలవాటు పోలేదు. గోడ గడియారం ఫ్రిజ్ మీద నిలబడి ఉండేది. పటాలన్నీ గోడకి చేరబడి, బండి కోసం ఎదురుచూసే ప్రయాణికుల్లా ఉండేవి. మా ఆవిడ అంటూనే ఉండేది, నేను వింటూనే ఉండేవాణ్ణి.

మొదటి మోకాలి ఆపరేషను అయ్యాక మాత్రం అది వినేసి ఊరుకునే మాట కాలేదు. బాత్రూములో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒకసారి జారబోయి తలుపు పట్టుకుంది. ఆ రోజు నుంచి తలుపు తీసే ఉంచాలి, బయట నేను నిలబడాలి. నేను నా పద్ధతి ప్రకారం రెండేసి నిమిషాలకి "అయ్యిందా?" అని అడిగేవాణ్ణి. "మీరు అడిగితే అవ్వదు" అనేది. ఒక రోజు ఆ మాట అనడం కూడా మానేసింది. దానికి నాకు భయం వేసింది.

స్టీలు కడ్డీ కొని తెచ్చాను. తెచ్చి ఏం చేశాను? సొసైటీ సెక్రటరీ గారికి దరఖాస్తు రాశాను. విషయం: మా బాత్రూము ఎడమ గోడకి ఆరు రంధ్రాలు వేయుటకు అనుమతి కోరుట. జతపరచినది: రంధ్రముల పటము, ఒకటి.

రెండు వారాలు జవాబు లేదు. మూడో ఆదివారం పొద్దున తలుపు గంట మోగింది. చూస్తే నా దరఖాస్తు చేత్తో పట్టుకుని ఒక భారీ మనిషి. నేత చీర, బొడ్లో దోపిన కొంగు, జుట్టు ముడిలో అడ్డంగా గుచ్చిన వడ్రంగి పెన్సిలు. సొసైటీ కమిటీలో ఉందని తెలుసు గానీ తెలుగావిడ అని అప్పటిదాకా తెలియదు.

"అన్నా, గిది మీరు రాసిందేనా?"

"అవునమ్మా. ఏమైనా తేలిందా?"

"ఏం తేల్తది? సెక్రటరీ సారు నాలుగుసార్లు సదివిండు. ఏం జెయ్యాల్నో సమజ్ గాక నా చేతిల వెట్టిండు. మీ ఇంట్ల, మీ బాత్రూముల, మీ గోడకు మీరు బొక్క కొట్టుకునేటందుకు దరఖాస్తా?"

"ఏదైనా నియమం ఉంటుందేమోనని..."

"ఉన్నది. పగటి పూట రెండు నుంచి నాలుగు దాక కొట్టొద్దు. పండుకునేటోళ్ళుంటరు. గంతే."

లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది. మా ఆవిడ నవ్వి నెల దాటింది. చెల్లెమ్మ నన్ను తోసుకుని ఆ నవ్వు వైపు వెళ్ళింది. నేను చాయ్ పట్టుకెళ్ళేసరికి ఇద్దరూ వదినా వదినా అనుకుంటున్నారు.

"ఏం లేదు వదినా, తలుపేసుకుని, గడియ పెట్టుకుని, నా మానాన నేను కూచోవాలి. అంతకన్నా కోరికలేం లేవు" అంటోంది మా ఆవిడ.

"అయితది" అంది చెల్లెమ్మ. చాయ్ ముట్టుకోలేదు. "పని అయినంక తాగుత."

ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్పిన మనిషి. తన దగ్గర మిషను ఉందని తెలిసి, ఒక్కపూట అరువిస్తారా అని అడిగాను.

"ఇయ్య" అంది మొహం మీదే. "అరువు మిషను తోని ఒక్కపారి కొడ్తరు, మల్ల నా తానికే వస్తరు. సొంతంది కొనుండ్రి. కొనేటప్పుడు నేనొస్త."

కొనడమంటే నాకు తెలిసిన దారి ఒకటే. నాలుగు రోజులు కూర్చుని ఇంటర్నెట్ వెతికి, పదకొండు మిషన్లకి పట్టిక గీశాను. వాట్లు, చక్ సైజు, నిమిషానికి తిరుగుళ్ళు, నిమిషానికి దెబ్బలు, గ్యారంటీ, అన్నిటికీ మార్కులు. మొదటి ర్యాంకు వచ్చిన మిషను పేరు కింద రెండు గీతలు గీసి, ద్వారకా నుంచి చావ్‌డీ బజారు దాకా మెట్రోలో ఆ కాగితం ఆవిడకి వివరించాను. రాజీవ్ చౌక్‌లో బండి మారేటప్పుడు కూడా ఆపలేదు. ఆవిడ ఓపిగ్గా విని, "మంచిగ గీసిన్రన్నా. గీతలు సక్కగున్నయ్" అంది.

దుకాణంలో నా మొదటి ర్యాంకు మిషనే తీయించింది. తీసి నా చేతిలో పెట్టింది.

"తలకాయ మీదికి లేపి పట్టుండ్రి. ఇరవై లెక్కవెడ్త."

అది రోడ్లు పగలగొట్టేవాళ్ళు వాడేదానికి తమ్ముడు. ఎత్తాను. ఏడుకి భుజం లాగింది. పదకొండుకి చెయ్యి వణికింది. దుకాణదారు రెండు చేతులూ చాచి కింద నిలబడ్డాడు, నా కోసమో మిషను కోసమో తెలియదు.

"గిది మిషనన్నా, కాయితం గాదు. చెయ్యి మోసేదే మంచి మిషను" అంది. ఆ పట్టికని నేను నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాను.

ఆ తర్వాత గంటంబావు ఆ గల్లా ముందు నేను చూసింది చెప్తుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఒక్కో మిషనూ తీసి ముందు మీట వేలితో నెమ్మదిగా నొక్కేది. కొంచెం నొక్కితే కొంచెం తిరగాలి, ఎక్కువ నొక్కితే జోరందుకోవాలి. ఒక్కసారిగా గయ్యిమని లేచేదాన్ని పక్కన పెట్టేసేది. తర్వాత చక్‌లో, అంటే బిట్టుని కరిచి పట్టుకునే మూతిలో, పొడుగాటి బిట్టు బిగించి తిప్పి, దాని మొన వైపు ఒక కన్ను మూసుకుని చూసేది. మొన ఒక్క చుక్కలా నిలబడితే సరే. మసకగా వలయం కనిపిస్తే, "మూతి వంకర" అనేది.

బ్యాటరీతో నడిచేవి చూపించాడు దుకాణదారు. ముద్దుగా, తేలిగ్గా ఉన్నాయి. నాకు మనసు పడింది.

"ఏడాదికి నాలుగు బొక్కలు కొట్టేటోనికి బ్యాటరీ ఎందుకన్నా? అల్మారల పండుకొని పండుకొని సచ్చిపోతది. రోజూ పని జేసేటోనికి అది. మీకు వైరుదే. గోడకు వెడితే చాలు, ఎప్పుడంటే అప్పుడు లేస్తది."

చివరికి ఎంచింది నా పట్టికలో ఆరో ర్యాంకు మిషను. పదమూడు మిల్లీమీటర్ల చక్, గోడకి దెబ్బ కొడుతూ తిరిగే ఏర్పాటు, ఆ దెబ్బ ఆపుకోవడానికి పైన ఒక మీట, వెనక్కి తిరిగే ఏర్పాటు, రెండో చేతికి పక్క పిడి. దెబ్బ ఆపే మీట ఉందా లేదా అని మాత్రం మూడుసార్లు చూసింది. ఎందుకో ఇంటికెళ్ళాక తెలిసింది.

బిట్లు అడగ్గానే దుకాణదారు సూట్‌కేసు లాంటిది తెరిచాడు. నూరు ముక్కలు, సైజు వారీగా, ఒక్కోదానికి ఒక్కో గాడి. నా బలహీనత ఎవరో చెప్పినట్టే తెరిచాడు. "ఆంటీజీ, పూరా సెట్ లే లో. జిందగీ భర్ కా కామ్" అన్నాడు, మొత్తం సెట్టు తీసుకుంటే జన్మంతా పనికొస్తుందని.

"అన్నా, నూరు బిట్లల్ల తొంభై ఐదు ఇస్త్రీ బట్టల లెక్క అట్లనే ఉంటయి. పనికొచ్చే ఐదు మెత్తటివి ఉంటయి" అని అదే మాట హిందీలో అతనికి చెప్పి నవ్వించి, విడి బిట్ల డబ్బాలు తీయించింది. నా వేలు పట్టుకుని ఒక్కోదాని మీద పెట్టింది. గోడ బిట్టుకి మొన దగ్గర వేరే లోహపు ముక్క అతికి ఉంటుంది, ఒంటి కన్నా మొన కాస్త వెడల్పు. గోరు పెడితే తగులుతుంది. ఇనుము బిట్టుకి అలాంటి టోపీ ఉండదు, అంచు పొడుగూతా పదునే. చెక్క బిట్టుకి నడిమధ్య ముల్లు ఉంటుంది, జారకుండా. టైలు బిట్టు ఈటె మొనలా ఉంటుంది. గోడవి రెండు, తక్కినవి ఒక్కోటి. ఐదు.

"కండ్లు మూసుకొని చెప్పుండ్రి, ఏది గోడది?"

చావ్‌డీ బజారులో, రిక్షాల గోలలో, రిటైరైన సెక్షనాఫీసర్ని కళ్ళు మూసుకుని బిట్లు తడిమి చెప్పాను. ఐదూ కరెక్టు. దుకాణదారు "వాహ్ అంకుల్జీ" అన్నాడు. నాకు ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న రోజు కూడా అంత సంతోషం కలగలేదు. ఐదూ పెట్టుకోవడానికి ఆవిడ తన కళ్ళజోడు పెట్టె ఖాళీ చేసి ఇచ్చింది. కళ్ళజోడు కొంగుకి తుడిచి పెట్టుకుంది.

మర్నాడు మా బాత్రూములో, కడ్డీతో పాటు వచ్చిన కాగితం ప్రకారం నేల నుంచి కొలిచి పెన్సిలు గుర్తు పెట్టి సిద్ధంగా ఉంచాను. ఆవిడ వచ్చి ఆ కాగితం చూసింది.

"గీ కాయితం రాసినోడు వదినను సూసిండా?"

"అది ప్రామాణికమైన ఎత్తు చెల్లెమ్మా."

"ఎవల చెయ్యికి?"

వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంలో బియ్యప్పిండి తెచ్చింది. మా ఆవిడని కమోడు మూత మీద కూర్చోబెట్టి, ఎడమ అరచేయి పిండిలో అద్దించి, "వదినా, నేను మూడు అంటే లేస్తున్నట్టు జెయ్యి. గోడ దిక్కు సూడకు. చెయ్యి యాడికి వోతె ఆడికి పోనీ" అంది. ఒకటి, రెండు, మూడు. మా ఆవిడ చెయ్యి గోడ మీద పడింది. నీలం టైలు మీద తెల్లటి చెయ్యి, ఐదు వేళ్ళూ విడివిడిగా. నా పెన్సిలు గుర్తుకి నాలుగు వేళ్ళ కింద, జానెడు ముందు.

నా గుర్తు నేనే తుడిచేశాను.

ఇక పని. రబ్బరు చెప్పులు వేసుకోమంది. నేల తడి లేకుండా తుడిపించింది. ప్లగ్గు బాత్రూము బయట పెట్టించింది. నల్లాకి సరిగ్గా పైనా కిందా బొక్క వద్దంది, గొట్టం నిలువుగా పోతుందట. టైళ్ళని వేలి కణుపుతో ఒక్కోటీ కొట్టి చెవి పెట్టింది. "బోలుగ పలికితే వెనక సిమెంటు లేనట్టు. దాని జోలికి పోవద్దు." బొక్క పెట్టేచోట కాగితపు టేపు గుణకారం గుర్తులా అతికించింది, మొన జారకుండా. కింద పాత శుభలేఖ కవరు నోరు తెరిచి అంటించింది, దుమ్ము అందులో పడటానికి. గోడ బిట్టుని, స్క్రూ కరుచుకోవడానికి బొక్కలో దోపే ప్లాస్టిక్ గిట్టీ పక్కన పెట్టి, గిట్టీ ఎంత లోతు దిగాలో అంత దగ్గర ఎర్ర టేపు చుట్టింది. "టేపు గోడను ముట్టంగనే ఆపాలె." గాజులు తీసి మా ఆవిడ చేతికి తొడిగింది.

మీట నొక్కేముందు ఒక్క మాట అనేది. ఎప్పుడూ అనేది, ఎవరింట్లో అయినా అనేది.

"చాబీ?"

చక్ బిగించే చాబీ దాంట్లోనే మరిచిపోయి మీట నొక్కితే అది ఎగిరి మొహం మీదికి వస్తుందట. పక్కన ఎవరుంటే వాళ్ళు "తీశాం" అనాలి. అనకపోతే నొక్కేది కాదు.

ముందు టైలు బిట్టు. దెబ్బ మీట ఆపేసి, మెల్లగా, నీటి చుక్కలు వేసుకుంటూ. టైలు దాటాక బిట్టు మార్చి, దెబ్బ మీట వేసి గోడలోకి. ఒక పక్క మూడు రంధ్రాలూ తను వేసింది. రెండో పక్క మూడూ నావంది.

రెండు సరిగ్గా పడ్డాయి. ఆ ఉత్సాహంలో మూడోదానికి దెబ్బ మీట ఆపడం మరిచాను. టైలు మీద సుత్తి దెబ్బలా పడింది. టక్. గోరంత పెచ్చు లేచిపోయింది. గబుక్కున మిషను వెనక్కి లాగి, ఏం చెయ్యాలో తెలియక, "దీనికి ఎవరికి రిపోర్టు చెయ్యాలి?" అన్నాను. నిజంగానే అన్నాను.

చెల్లెమ్మ ఆ పెచ్చు వేలితో తడిమి చూసింది. "కడ్డీ బిళ్ళ కిందికి వోతది. గట్టితనానికి ఏం గాదు." ఆగి, "ఉండనియ్యిండ్రి. గిప్పుడు ఇల్లు మీదయింది" అంది.

బిగించడం అయ్యాక ఆవిడ చేసిన పని నేను ఎప్పటికీ మరవను. రెండు చేతులా కడ్డీ పట్టుకుని, కాళ్ళు రెండూ మడిచి పైకెత్తి, మొత్తం బరువంతా దాని మీద వేసి వేలాడింది. నేత చీర, జడముడిలో పెన్సిలు, మా బాత్రూములో. కడ్డీ కిమ్మనలేదు.

"నేను ఏలాడిన. ఇగ వదినకేం?"

మా ఆవిడ వాకరుతో లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. మేమిద్దరం బయట. అలవాటు కొద్దీ "అయ్యిందా" అనబోయాను. చెల్లెమ్మ పెదవుల మీద వేలు పెట్టింది. ఒక నిమిషం గడిచింది. లోపల గడియ పడింది. ఆవిడ మొహం వెలిగిపోయింది, కానీ చప్పుడు చెయ్యలేదు, నన్నూ చెయ్యనివ్వలేదు. వేలు పెదవుల మీద అలాగే ఉంచి, కాలి మునివేళ్ళ మీద వంటింట్లోకి నడిచి, అక్కడ మాత్రం గుసగుసగా, "గిప్పుడు చాయ్" అంది.

తర్వాత ఆవిడ హనుమకొండ వెళ్ళేదాకా ఆవిడ వెంట ఎన్ని ఇళ్ళకి తిరిగానో. నేను వైరు పట్టేవాణ్ణి, "తీశాం" అనేవాణ్ణి. ప్రతి ఇంట్లోనూ ఆ వస్తువు వాడే మనిషినే అడిగేది, ఇంటాయన్ని కాదు. బట్టల కొక్కేనికి ఇంటిపని చేసే దీదీని నిలబెట్టి చెయ్యెత్తించేది. పుస్తకాల బల్లకి చదివేవాళ్ళని కూర్చోబెట్టేది.

అందుకే ఈ గురువారం పది గంటలకి మిషను చేత్తో పట్టుకుని కుడి గోడ ముందు నిలబడ్డప్పుడు నేను ఆగిపోయాను. ఎడమ కడ్డీ ఎత్తు కొలిచి అదే కుడి వైపు గీశాను. అంతా సరిగ్గా ఉంది. కానీ అది ఎవరి చెయ్యి? రెండేళ్ళ కిందటి చెయ్యి, ఎడమ చెయ్యి. డైరీలో గురువారం పని కొట్టేసి "వాయిదా" అని రాశాను. నా డైరీల్లో నా అంతట నేను వేసుకున్న వాయిదా అదొక్కటేనేమో.

శుక్రవారం సాయంత్రం మా ఆవిడ రాగానే బాత్రూములోకి తొంగి చూసింది.

"ఇంకా పెట్టలేదా? మూడు రోజులు ఏం చేశారు?"

"నీ చెయ్యి కావాలి" అన్నాను.

అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత, "పిండి రెండో డబ్బాలో ఉంది" అంది.

ఆ రాత్రికి బాత్రూము తలుపు తీసే ఉంచి, నన్ను గుమ్మం దగ్గర భరించింది. శనివారం పొద్దున కుడి గోడ మీద తెల్లటి చెయ్యి పడింది. నేను గీసినదానికి రెండు వేళ్ళు పైన. తను గుమ్మం బయట కుర్చీలో కూర్చుంది. రబ్బరు చెప్పులు, టేపు గుణకారం, కవరు, అన్నీ వరసగా అయ్యాయి. ఎర్ర టేపు బిట్టు సిద్ధంగా పక్కన పెట్టుకుని, టైలు బిట్టు బిగించి మీట మీద వేలు వేశాను.

"చాబీ?" అంది మా ఆవిడ కుర్చీలోంచి.

"తీశాను" అన్నాను. మీట నొక్కాను.

ఆరూ పడ్డాయి. ఒక్క పెచ్చు లేవలేదు. కడ్డీ బిగించి, రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు పైకెత్తాను. "పడతారు! ఈ వయసులో కోతి వేషాలేమిటి!" అని మా ఆవిడ అరుస్తూనే నవ్వింది. కడ్డీ కిమ్మనలేదు.

నేను దిగి, ప్లగ్గు తీసి, దుమ్ము కవరు ఊడదీసి, తప్పుకున్నాను. వాకరు టకటకమంటూ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. నేను బయట నిలబడ్డాను. కాసేపటికి లోపల గడియ పడింది.

పక్కన ఎవరూ లేరు. అయినా పెదవుల మీద వేలు పెట్టుకుని, మునివేళ్ళ మీద వంటింట్లోకి నడిచి, రెండు గ్లాసుల చాయ్‌కి నీళ్ళు పెట్టబోయి, మూడు గ్లాసులు పోశాను.